ఏం కాదని చెప్పింది నేనే

పదేళ్ళు దాటింది. ఇంతకాలం ఈ మాటను ఎవరికీ చెప్పకుండా మోశాను. నా భార్యకు సగం తెలుసు. మిగతా సగం మొన్న ఎండాకాలం దాకా ఆమెకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఊరి పేరు రాయను. ములకలపల్లి దాటి అడవి వైపు పోయే దారిలో ఉంటుంది, అంతవరకు చాలు. ఆ ఊరి ప్రాథమిక పాఠశాలకు అప్పట్లో నేను హెడ్మాస్టర్‌ని. అక్కడ నా కళ్ళ ముందు ఒక మనిషికి పని పోయింది. ఆ తర్వాత కుడి చెయ్యి పాడైంది. నేను నోరు తెరిచి ఒక్క నిజం చెప్పి ఉంటే రెండూ జరిగేవి కావు.

ఇలా రాస్తుంటే లోపల ఒకడు అడ్డం వస్తున్నాడు. నువ్వొక్కడివి చెబితే అంతా ఆగిపోయేదా అంటున్నాడు. ఏమో, ఆగకపోయేదేమో. కానీ చెప్పి చూసి, ఎవరూ వినలేదని ఇంటికి వచ్చినవాడి నిద్ర వేరు. అసలు చెప్పనే చెప్పనివాడి నిద్ర వేరు. నాది రెండోది.

ముందు నా ఒంటి సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

మాది కుసుమంచి దగ్గర వ్యవసాయ కుటుంబం. మా నాన్నకు ఒంటినిండా గడ్డలుండేవి. చేతుల మీద, తొడల మీద, నడుము చుట్టూ. కొన్ని రేగుపండంత, కొన్ని నిమ్మకాయంత. నొప్పి లేదు, చీము లేదు, రంగు మార్పు లేదు. చర్మం కింద మెత్తగా, వేలితో నొక్కితే పక్కకు జారేవి. ఆయన వాటితోనే దున్నాడు, కోశాడు, ఎనభై దాటేదాకా బతికాడు. కానీ ఊళ్ళో ఆయన అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. 'గడ్డలాయన' అనేవాళ్ళు. పెళ్ళి బంతిలో ఆయన పక్క విస్తరి ముందు ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. చిన్నప్పుడు ఆ చోట నేను కూర్చునేవాణ్ణి. మీసాలు మొలిచే వయసు వచ్చాక నేను కూడా వేరే వరుస వెతుక్కోవడం మొదలుపెట్టాను. ఆయన చూశాడు.

ముప్పై ఐదు దాటాక నాకూ మొదలయ్యాయి. స్నానం చేస్తూ సబ్బు రుద్దుకుంటుంటే ఎడమ ముంజేతి మీద వేలికి ఒకటి తగిలింది. ఏడాది తిరిగేసరికి రెండు చేతుల మీదా లేచాయి. నడుము దగ్గర బెల్టు ఒరుసుకునే చోట ఒకటి కాస్త పెద్దదైంది. అప్పుడు భయపడ్డాను. మా నాన్న బతికిన తీరు కళ్ళ ముందే ఉన్నా, గడ్డ అనే మాట వినగానే మనిషి మనసు ఒక్కచోటికే పోతుంది. ఖమ్మంలో ఒక సర్జన్ దగ్గరికి వెళ్ళాను. ఎవరైనా తెలిసినవాళ్ళు కనబడతారేమోనని రోగుల వరుసలో తల వంచుకుని కూర్చున్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని రెండు వేళ్ళ మధ్య గడ్డను అటూ ఇటూ జరిపాడు. "ఎన్నాళ్ళ నుంచి? వేగంగా పెరిగిందా? నొప్పి ఉందా? ఇంట్లో ఇంకెవరికైనా ఉన్నాయా?" అని అడిగాడు. నాన్న సంగతి చెప్పాను. ఆయన నవ్వాడు. స్కానింగ్ తీయించాడు. బెల్టు దగ్గరిది ఒరుసుకుని ఇబ్బంది పెడుతోందని మత్తుసూది ఇచ్చి తీసేశాడు. తీసినదాన్ని గిన్నెలో చూపించాడు. పసుపుపచ్చగా, కోడికొవ్వు ముద్దలా ఉంది. దాన్ని పరీక్షకు పంపి, ఫలితం వచ్చాక మళ్ళీ పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

అది కొవ్వు గడ్డ. లైపోమా అంటారు. క్యాన్సర్ కాదు. కొన్ని కుటుంబాల్లో తరాలుగా వస్తుంది. ఎవరికీ అంటుకోదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు. ఇబ్బంది లేకపోతే అలాగే వదిలేయవచ్చు. ఏదైనా గట్టిపడినా, ఉన్నట్టుండి పెరిగినా, నొప్పి పెట్టినా వెంటనే వచ్చి చూపించుకోవాలి. అన్నిటికంటే గట్టిగా ఒక మాట చెప్పాడు. "నాటు మందులు పూయొద్దు, కాల్చొద్దు, ఎవరి చేతా కోయించొద్దు. ఏమీ కాని గడ్డ మీద ఏదో ఒకటి చేసి, దాన్ని పెద్ద జబ్బుగా మార్చుకుని వచ్చేవాళ్ళే మాకు ఎక్కువ."

ఈ మాటలన్నీ నాకు తెలుసు. అవి నా చెవిలో ఉన్నాయి. దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి. తెలియక చేసిన తప్పు కాదు నాది.

ఖమ్మం నుంచి వస్తూ పొడుగు చేతుల చొక్కాలకు గుడ్డ కొన్నాను. ఇక అప్పటి నుంచి ఎండాకాలంలో కూడా మణికట్టు దగ్గర గుండీ పెట్టుకునే బడికి వెళ్ళాను. ఊళ్ళో వాళ్ళు దాన్ని పద్ధతి అనుకున్నారు. సారు మస్తు పద్ధతిగ ఉంటడని నాకు పేరొచ్చింది. ఆ పేరు నాకు నచ్చింది కూడా.

ఇప్పుడు భద్రమ్మ గురించి.

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఇద్దరిలో ఆమె ఒకతె. కోయ గూడెం మనిషి. అప్పటికి నలభై ఉంటాయేమో. భర్త లేడు. వానాకాలం తనకున్న కాస్త చెలకలో జొన్న వేసుకునేది, ఎండల్లో ఇప్పపువ్వు ఏరేది. బడి ఉన్నన్నాళ్ళూ పొయ్యి ఆమెదే. రెండో ఆమె కూరగాయలు తరిగేది, భద్రమ్మ వండేది. పిల్లలు ఆమెను పెద్దమ్మ అని పిలిచేవాళ్ళు. ఎవడు పప్పు ఎక్కువ తింటాడో, ఎవతె గుడ్డులో పచ్చసొన పారేస్తుందో అన్నీ ఆమెకు తెలుసు. సొన పారేసే పిల్ల వెనకాల నిలబడి, "పారేత్తె కోడి ఏడుత్తది బిడ్డా, నేను పొద్దుగాల దానికి మాటిచ్చి తెచ్చిన" అనేది. పిల్ల నవ్వుతూ తినేది.

ఆమె కుడి చేతికి, మణికట్టుకు కొంచెం పైన, ఒక గడ్డ ఉండేది. మోచేతి దగ్గర ఇంకో రెండు చిన్నవి. అన్నం గిన్నె దించేటప్పుడు నేను మొదటిసారి చూశాను. చూడగానే పోల్చాను. మా నాన్న చేతి మీద చూసినవి అవే, నా చొక్కా కింద ఉన్నవి అవే. పిల్లలకు అదొక ఆట. దాన్ని నొక్కి జారించి, "ఏంది పెద్దమ్మా ఇది?" అనేవాళ్ళు. "ఉల్లిగడ్డ. కూరకు తక్కువైననాడు కోసి ఏత్త" అనేది ఆమె.

ఒకరోజు భోజనాలయ్యాక బోరింగ్ దగ్గర గిన్నెలు తోముతూ నన్ను పిలిచింది. ఆ రోజు ఆమె గొంతులో ఆట లేదు.

"సారు, గిది పెరుగుతాందా ఏందని భయమైతాంది. ఇదేమన్న చెడ్డ రోగమా?"

నేను వంగి చూశాను. వేలితో నొక్కాను. జారింది. మెత్తగా ఉంది. నొప్పి ఉందా అంటే లేదంది. ఎన్నాళ్ళ నుంచి అంటే, తన పెళ్ళినాటి నుంచే ఉందంది.

"ఏం కాదు భద్రమ్మా. కొవ్వు గడ్డ అంతే. ఎవరికీ అంటుకోదు. దాన్ని ఏమీ చెయ్యకు. ఎప్పుడైనా గట్టిపడ్డా, నొప్పి లేచినా పెద్దాసుపత్రికి పో" అన్నాను.

ఆమె తేలికపడింది. మొహంలో తెలిసింది. "నువ్వు జెప్పినవ్ గద, ఇగ నాకు రంది లేదు" అని మళ్ళీ గిన్నెలు తోముకుంది. నాకెలా తెలుసని ఆమె అడగలేదు. సారుకు తెలియనిదేముంది అనుకుని ఉంటుంది.

ఆ ఏడు ఎండాకాలం సెలవుల తర్వాత బడి తెరిచిన కొత్తలో, ఊళ్ళో సరిత అనే ఒకామె ఉండేది, ఆమె కూతురికి మెడ మీద సెగ్గడ్డ లేచింది. మామిడిపండ్ల కాలంలో పిల్లలకు లేచే మామూలు సెగ్గడ్డే. ఎర్రగా వాచి, చీము పట్టి, జ్వరం తెచ్చింది. సరితది ఊరి సెంటర్లో చిన్న కిరాణా కొట్టు. ఆ ఒక్క కూతురే. అంతకుముందు ఒక పిల్ల పురిట్లోనే పోయింది. అందువల్ల ఈ పిల్లకు తుమ్ము వచ్చినా ఆమె ఒణికిపోయేది. తర్వాత ఇంకో ఇద్దరు పిల్లలకు కూడా సెగ్గడ్డలు లేచాయి. మన భాషలో అన్నిటికీ ఒకటే మాట. చీము పట్టేదీ గడ్డే, కొవ్వు ముద్దా గడ్డే. ఆ మాట కొట్టు ముందు నుంచి బయలుదేరి ఊరంతా తిరిగింది. వండే ఆమె చేతికి గడ్డలున్నాయి, ఆమె చేతి అన్నం తిన్న పిల్లలకు గడ్డలు లేస్తున్నాయి. కొందరు పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. భద్రమ్మ వండిన అన్నం మిగిలిపోసాగింది.

తల్లిదండ్రులతో మీటింగు పెట్టక తప్పలేదు. బడి వరండాలో చాపలు పరిచాం. ఆడవాళ్ళూ మగవాళ్ళూ బాగానే వచ్చారు. భద్రమ్మ గోడవారగా నిలబడింది. నేను కుర్చీలో ఉన్నాను.

సరిత లేచింది. కోపంగా మాట్లాడలేదు. ఆ భయం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

"సార్, నాకు ఆమె మీద పగ లేదు. నా బిడ్డ మెడ కోసి చీము తీసిన్రు. మళ్ళ గట్లయితే నేను తట్టుకోలేను. ఆమె చెయ్యి మీది గడ్డలు ఏందో తేలేదాక వంట కాడికి రావద్దని జెప్పుండ్రి."

అప్పుడు భద్రమ్మ గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చింది. ఆమెకు బెరుకు లేదు. ఎందుకుంటుంది? ఆమెకు సాక్ష్యం ఉంది.

"ఇది అంటేది కాదు. సారే జెప్పిండు ఏం కాదని. ముట్టి సూసి మరీ జెప్పిండు. అడుగుండ్రి సారును."

అందరూ నా వైపు తిరిగారు.

"అవునా సార్? మీరు జెప్పిన్రా?" అని అడిగింది సరిత.

వాళ్ళ తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు అప్పటికే వినిపిస్తోంది. మీకెట్ల తెలుసు సార్? దానికి జవాబు నా చొక్కా చేతుల కింద ఉంది. గుండీ విప్పి చెయ్యి చూపిస్తే చాలు. నాకూ ఉన్నాయి, మా నాన్నకూ ఉన్నాయి, ఖమ్మంలో కోసి పరీక్ష చేసి చెప్పారు, ఇన్నేళ్ళుగా మీ పిల్లల పక్కనే కూర్చుని తింటున్నాను, ఎవరికి అంటాయి? అంతే. అర నిమిషం పని. కుడి చెయ్యి ఎడమ చేతి గుండీ దాకా వెళ్ళింది కూడా. అక్కడే ఆగింది.

నాకు పెళ్ళి బంతి కనబడింది. మా నాన్న పక్క ఖాళీ విస్తరి కనబడింది.

"నేను డాక్టర్ని కాదు గదమ్మా" అన్నాను. "నాకు తెలిసినంతలో ఏదో ధైర్యం చెప్పాను. నాకేం తెలుస్తుంది? ఒకసారి దవాఖానాలో చూపించుకుంటే అందరికీ మంచిది."

ప్రతి మాటా మర్యాదగానే ఉంది చూడండి. అబద్ధమని పట్టుకోవడానికి కూడా లేదు. నేను డాక్టర్ని కానన్నది నిజం. చూపించుకుంటే మంచిదన్నదీ నిజం. ఆ రెండు నిజాల మధ్య 'నాకేం తెలుస్తుంది' అన్న అబద్ధాన్ని పెట్టాను. భద్రమ్మ నన్ను కాసేపు చూసింది. తాను విన్నది సరిగా విన్నదా లేదా అని చూసినట్టు చూసింది. తర్వాత కొంగు సర్దుకుని, తోమిన గిన్నెలు బోర్లించి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి పొయ్యి దగ్గర రెండో ఆమె ఒక్కతే ఉంది.

ఆ రోజు నాకు నేను చెప్పుకున్న కారణాలు చాలా ఉన్నాయి. నా సంగతి తెలిస్తే పిల్లల్ని ప్రైవేటు బడి బస్సు ఎక్కిస్తారు, పిల్లలు తగ్గితే బడి మూతపడుతుంది, అప్పుడు భద్రమ్మకే కాదు, ఎవరికీ పని ఉండదు. చూశారా, నా పిరికితనాన్ని ఎంత పెద్ద మనసులా తయారు చేసుకున్నానో? నిజానికి నేను బడి గురించి ఆలోచించలేదు. నన్ను గడ్డల సారు అంటారని ఆలోచించాను. అంతే.

భద్రమ్మ నా మాట విని నిజంగానే దవాఖానాకు వెళ్ళింది. అక్కడి డాక్టరు నొక్కి చూసి, ఏం కాదు, భయపడకు అని పంపించాడట. ఆమె తిరిగొచ్చి కొట్టు దగ్గర అదే చెప్పింది. వాళ్ళు నమ్మలేదు. ఆ డాక్టరు ఎవరో వాళ్ళకు తెలియదు, ఆయన చెప్పాడో లేదో కూడా తెలియదు. వాళ్ళు నమ్మే మనిషి ఆ ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడు తెలియదన్నాడు. "అది లేకుంట జేసుకొని రా పెద్దమ్మా, అప్పుడు ఎవ్వలకు ఏ పేచీ ఉండదు" అన్నారట. ఈ సంగతి రెండో వంటామె మర్నాడు నాకు చెప్పింది. అంటే నాకు ఇంకో అవకాశం వచ్చింది. నేను రిజిస్టరులో తల పెట్టుకుని ఊఁ అన్నాను.

ఆమె లేకుండా చేసుకోబోయింది. నల్లజీడి గింజ మీకు తెలిసే ఉంటుంది. చాకలివాళ్ళు బట్టల మీద గుర్తు పెట్టేది. దాని రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కి పుండు పడుతుంది. గింజను కాల్చి ఆ రసం అద్దితే గడ్డ మాడిపోతుందని ఎవరో చెప్పారు. భద్రమ్మ మణికట్టు మీది గడ్డకు అలాగే చేసింది. మాడింది గడ్డ కాదు, పైన చర్మం. పుండు లోపలికి దిగింది. ఆకు పసరు కట్టుకుని కలుపు కూలికి పోయింది. కొన్నాళ్ళకు చెయ్యి మోచేతి దాకా వాచి, జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడిపోతే, ఆమె తమ్ముడు ఆటోలో వేసుకుని భద్రాచలం ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ కోసి, శుభ్రం చేసి, ప్రాణాన్నీ చేతినీ నిలబెట్టారు. కానీ కుడి చేతి మూడు వేళ్ళు ముడుచుకోవు. గరిటె పట్టుకోలేదు. కొడవలి పట్టుకోలేదు.

కాల్చొద్దు అని నాకు చెప్పిన డాక్టరు మాట అప్పుడు గుర్తొచ్చిందా అని మీరు అడగవచ్చు. గుర్తు రావడానికి, నేను దాన్ని ఏనాడూ మరిచిపోలేదు. ఆ మాట నేను భద్రమ్మకు సగమే చెప్పాను. 'దాన్ని ఏమీ చెయ్యకు' అన్నాను. ఆమె అది నమ్మింది. ఆ తర్వాత నాకేం తెలుస్తుంది అన్నాను. ఆమె అది కూడా నమ్మింది.

నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. రెండో వంటామె చేత బ్రెడ్డు, పండ్లు పంపాను. మరుసటి బదిలీల్లో కారేపల్లి వైపు పెట్టించుకుని వెళ్ళిపోయాను. ఊరివాళ్ళు శాలువా కప్పారు. సారు అసోంటి సారు మళ్ళ రాడు అన్నారు. భద్రమ్మ ఆ సభకు రాలేదు.

అక్కడే ఉద్యోగం పూర్తి చేసి రిటైరయ్యాను. ఏ సెగ్గడ్డ చూసినా, ఏ పిల్లవాడు గుడ్డు పక్కన పెట్టినా ఆమె జ్ఞాపకం వచ్చేది. జ్ఞాపకం రావడాన్నే నేను చాలాకాలం పశ్చాత్తాపం అనుకున్నాను. అది కాదు. జ్ఞాపకం దానంతట అదే వస్తుంది, దానికి నేనేమీ చెయ్యనక్కర లేదు.

మొన్న ఎండాకాలం ఆ ఊరికి వెళ్ళాను. నా భార్యకు భద్రాచలం దర్శనానికి అని చెప్పాను. బస్సు దిగి గూడెం దాకా నడిచాను. తమ్ముడి ఇంటి ముందు భద్రమ్మ చాప మీద ఇప్పపువ్వు ఆరబోసి, ఎడమ చేత్తో కలియబెడుతోంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను వెంటనే పోల్చింది.

"సారువా? కూసో" అని మంచం చూపించింది.

నేను కూర్చోలేదు. నిలబడే ఎడమ చేతి గుండీ విప్పి చొక్కా పైకి మడిచాను. ఇప్పుడవి పదికి పైనే ఉన్నాయి. ఆమె చూసింది. దగ్గరికి వచ్చి, ఆ ముడుచుకోని వేళ్ళ పక్క నుంచి బొటనవేలితో ఒకదాన్ని నొక్కింది. అది జారింది.

"అవ్, గివే" అంది. "ఎప్పట్నుంచి?"

"నువ్వు నన్ను అడిగిన దానికంటే ముందు నుంచి. ఖమ్మంలో పరీక్ష చేయించుకున్నాను. ఏమీ కాదని నాకు తెలుసు భద్రమ్మా. మీటింగు రోజు కూడా తెలుసు. నాకు ఉన్నాయని చెప్పాల్సి వస్తుందని తెలియదన్నాను."

ఆమె నా చెయ్యి వదిలేసింది. మళ్ళీ వెళ్ళి చాప దగ్గర కూర్చుంది. అరుస్తుందేమో, ఏడుస్తుందేమో అని చూశాను. పువ్వులో నుంచి ఒక ఆకు ముక్క ఏరి పారేసింది.

"ఇది నాకెందుకు జెప్తానవ్ సారు? అంటదని నాకు ఎర్కే. గప్పుడూ ఎర్కే. ఎర్క లేనిది ఆళ్ళకు. పోయి ఆళ్ళకు జెప్పు."

అంతే అంది. క్షమించానని అనలేదు, క్షమించననీ అనలేదు. నేను అడగలేదు. అడిగే ధైర్యం లేక కాదు. ఆమె చెప్పిన పని చెయ్యకుండా అడగడానికి నోరు రాలేదు.

గూడెం నుంచి సెంటర్‌కు వచ్చాను. సరిత కొట్టు అలాగే ఉంది, కొంచెం పెద్దదైంది. కొట్టు ముందు ఐదారుగురు కూర్చుని ఉన్నారు. ఇద్దరు నా దగ్గర పాఠం చెప్పించుకున్నవాళ్ళే, ఇప్పుడు గడ్డాలు పెంచారు. సారొచ్చిండు అని లేచి కుర్చీ వేశారు. సరిత కూల్‌డ్రింక్ తీయబోయింది. వద్దని చెప్పి, చెయ్యి చూపించి, భద్రమ్మకు చెప్పినట్టే మొత్తం చెప్పాను.

పాత శిష్యుల్లో ఒకడు నేల చూశాడు. ఇంకొకతను, "ఎప్పటి ముచ్చటో సారు, పోనియ్యుండ్రి" అన్నాడు.

సరిత పోనివ్వలేదు. గల్లా పెట్టె వెనక నుంచి బయటికి వచ్చింది.

"సార్, నా బిడ్డకు గడ్డ లేసిందని భయపడి అడిగిన. తెలియకనే అడిగిన. మీరు గా రోజు గీ చెయ్యి సూపిత్తె నేను మళ్ళ నోరెత్తకపోదును. ఆమె చెయ్యి గట్లయినకాడ నుంచి ఆమె ఈ తొవ్వల వత్తాంటె నేను కొట్లకెళ్ళి లోపలికి పోత. పదేండ్ల సంది లోపలికి పోతనే ఉన్న. ఆమె గట్ల అయింది నా నోటి పాపమే అనుకున్న." ఆమె గొంతు పెరగలేదు. "మీరు ఆమెకొక్కదానికే జెయ్యలేదు సార్. నాకు గూడ జేసిన్రు."

ఇది నేను ఊహించలేదు. ఇన్నేళ్ళూ నా లెక్కలో సరిత తప్పు చేసిన మనిషి. నేను తెలియదని ఊరుకున్నాను, ఆమె మాట్లాడింది, కాబట్టి ఆమెది నా కంటే కొంచెం పెద్ద తప్పు అని ఎక్కడో లోపల సర్దుకుని ఉన్నాను. ఆమె భయపడింది. అడిగింది. అడిగిన తల్లికి ఇవ్వాల్సిన జవాబు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నేను ఇవ్వని జవాబుకు ఆమె పదేళ్ళు కుమిలింది.

"తప్పు నాదమ్మా, నీది కాదు" అన్నాను. ఆమె తల ఊపలేదు. లోపలికి వెళ్ళి, ఎవరో అడిగిన సబ్బు తీసి ఇచ్చింది. కాసేపటికి నేను లేచి బస్సు కోసం నడిచాను. ఎవరూ శాపనార్థాలు పెట్టలేదు. ఎవరూ బస్సు దాకా సాగనంపలేదు కూడా.

దీని తర్వాత ఏమైనా మారిందా అంటే, నాకు తెలిసి ఏమీ మారలేదు. భద్రమ్మ వేళ్ళు ముడుచుకోవు. బడిలో ఇప్పుడు వండేది వేరేవాళ్ళు. సరిత ఆ సాయంత్రం గూడెం వైపు నడిచిందో లేదో నాకు తెలియదు. నడిచి ఉండాలని అనుకుంటాను, అలా అనుకోవడం నాకే తేలికగా ఉంటుంది కాబట్టి ఆ ఆలోచనను కూడా నమ్మను.

ఇంటికి వచ్చాక నా భార్యకు మిగతా సగం చెప్పాను. ఆమె అంతా వింది. తర్వాత "ఆ భద్రమ్మ ఎట్లా బతుకుతోంది?" అని అడిగింది. తమ్ముడి దగ్గర ఉంటోందని, ఎడమ చేత్తో చేతనైన పనులు చేస్తోందని చెప్పాను. అంతకంటే నాకేమీ తెలియదని అప్పుడే గ్రహించాను. గూడెంలో ఆమె ముందు నిలబడ్డంతసేపూ నా గురించే చెప్పాను. ఆమె ఎట్లా బతుకుతోందో అడగనే లేదు.

ఇది మీకు ఎందుకు రాస్తున్నానని మీకు అనిపించవచ్చు. కొట్టు ముందు ఆరుగురికి చెప్పాను. మీటింగుకు వచ్చినవాళ్ళు అంతకంటే ఎక్కువమంది. కొందరు ఊరు విడిచి పోయారు, కొందరు లోకం విడిచి పోయారు. వాళ్ళలో ఎవరైనా ఇది చదవవచ్చు, చదవకపోవచ్చు. ఆళ్ళకు జెప్పు అంది ఆమె. ఆళ్ళు అంటే ఎంతమందో ఆమె చెప్పలేదు.

క్షమించమని మిమ్మల్నీ అడగడం లేదు. అది మీ చేతిలో ఉన్నది కాదు. అందరి ముందు నన్ను అడిగిన రోజున నాకు తెలుసు. తెలియదన్నాను. ఈ రెండు వాక్యాలను ఇలా ఒకదాని పక్కన ఒకటి పెట్టి రాయడానికి నాకు ఇంతకాలం పట్టింది. రాశాను. ఊపిరి కొంచెం తేలికగా ఆడుతోంది, ఆడకూడదేమో కూడా.